అమ్మ ఎక్కిన రంగులరాట్నం

పటమట,
6-5-74

నాన్నగారికి నమస్కారం. అమ్మ, పిల్లలు కులాసా. బెంగ పెట్టుకోకండి.

నిన్న అందరం ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. ఎంత గొప్ప రంగులరాట్నమో! తాటిచెట్టుకి రెండింతలుంది. పైనుంచి కిందికి వచ్చేటప్పుడు పిల్లలతోపాటు నేనూ కెవ్వుమన్నాను. అమ్మ కిక్కురుమనలేదు, కడ్డీ కూడా పట్టుకోలేదు. దిగాక నన్ను పక్కకి పిలిచి, "ఒరే, నడిసముద్రంలో మీ నాన్నకీ గుండె ఇట్టాగే జారిద్దా?" అంది. మన ఆడవాళ్ళు వేటపడవ ఎక్కకూడదంటారు కదా, ముప్పై ఏళ్ళుగా ఒడ్డున నిలబడి చూసిన మనిషి. రైల్వే గుమాస్తాని, నేనేం చెప్పగలను?

కొత్త వల పూర్తయిందా? చెల్లికి జ్వరం తగ్గిందా? ఎండుచేపలు మర్చిపోవద్దు.

అమ్మని మళ్ళీ ఎక్కమంటే ఎక్కనంది. ఈసారి మీ పక్కనే కూర్చుంటుందట. ఆదివారం బస్సుకి రండి. రాట్నం పైకెళ్ళాక అమ్మకి జవాబు మీరే చెబుదురుగాని.

మీ గంగరాజు