యాదమ్మ మాట రాయలేదు

2012 జూలై, బుధవారం

ఊరి కొత్త దవాఖాన ఈరోజు తెరిచాం. హైవే అవతల, పెద్దలు చూపించిన స్థలంలోనే కట్టాం.

నిరుడు ఆ స్థలం కోసం, మండల అధికారిగా గ్రామసభ పెట్టింది నేనే. పెద్దలంతా సరేనన్నాక వెనక వరుసలోంచి యాదమ్మ లేచింది. "గా రోడ్డు దాటుడు మాతోని కాదు మేడం. కడుపుతోనున్నోళ్లు ఎట్ల దాటుతరు? ఊర్లనే కట్టుండ్రి," అంది. రాసుకుంటానన్నాను. రాయలేదు. మీటింగు ముగించే తొందరలో, అందరూ ఒప్పుకున్నారని రాసి సంతకం పెట్టేశాను.

ఈరోజు రిబ్బను కత్తిరించాక బయటికి వస్తే, రోడ్డుకు ఊరివైపు అంచున యాదమ్మ, నెలలు నిండిన ఆమె కోడలు నిలబడి ఉన్నారు. ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు ఒక్కటీ ఆగడం లేదు. నేనే వెళ్లి, చెయ్యి అడ్డం పెట్టి, ఆ పిల్లను పట్టుకుని, యాదమ్మతో సహా దవాఖాన వైపుకు తెచ్చాను. భయంతో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

యాదమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇయ్యాల మీరున్నరు మేడం. రేపు నొప్పులొస్తే ఎవరు దాటిస్తరు?" అని మాత్రం అడిగింది.

కోడలికి బీపీ చూడమని నర్సుకు చెప్పి, జీపెక్కి వచ్చేశాను.