మెడ సన్నని కుండీ

ఇందుమూలముగా సమస్త బంధుమిత్రులకు, అందులోనూ ముఖ్యముగా తమ్ముడి ఉత్తరాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరుగు టపాలో పంపే మా అక్కగారికి తెలియజేయడమైనది ఏమనగా: మా బాల్కనీలోని చెప్పుల స్టాండు ఎడమ మూల నుంచి కుడి మూలకు మార్చబడినది. మడత కుర్చీ ఇంటి లోపలికి బదిలీ చేయబడినది. ఇన్నాళ్ళూ సదరు కుర్చీలో కూర్చుని కాళ్ళూపుకున్న వ్యక్తి, అనగా నేను, ఇకమీదట నేల మీద కూర్చొనవలెను. ఉత్తర్వులు జారీ చేసినది మీ మరదలు కనుక అప్పీలు లేదు.

అక్కా, నమస్కారం. మేమందరం ఇక్కడ బాగున్నాం. మీరూ బాగున్నారని నీ రాత చూసి నమ్ముతున్నాను. బావ రాసింది మాత్రం నమ్మను. ఆయన కాలు విరిగి కట్టులో ఉన్నా "కులాసా" అనే రాస్తాడు.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ మరదలి మోకాలు నయమైంది. ఎలా తెలిసిందంటే, ఇదివరకు మేడ మీద నుంచి తిట్టేది, ఇప్పుడు మెట్లు దిగి, రోడ్డు దాటి, కొట్టుకొచ్చి మరీ తిడుతోంది. కొట్టు బాగానే ఉంది. జనం తాళంచెవులు పారేసుకున్నంతకాలం నా బతుక్కి లోటు లేదు. ఇక కింది వాటా ఆవిడతో గొడవ మానేశావా అన్నావు. నేను మానేశాను, ఆవిడే మానలేదు. ఆరేసిన చీరల మీద మన వెదురాకులు రాలుతున్నాయని ఆమధ్య పైకొచ్చింది. "రాలితే రాలాయి లెండి, వట్టి చీరకి ప్రింటు వేసినట్టుంది" అన్నాను. ఇప్పుడు మాటల్లేవు. ఒక విధంగా అది కూడా గొడవ మానడమే కదా?

ఆకులు రాలుతున్న మాట మాత్రం నిజం. నువ్వు పోయిన ఉత్తరంలో రెండు సంగతులు రాశావు. ఒకటి, ఆ వెదురు బతికి బట్టకడితే సగం నీకు కావాలని. రెండు, అమ్మ పోయి ఏడాది తిరిగినా ఆమె మాట చదివిన రోజున బడిలో పాఠం చెప్పలేకపోతున్నావని, కాబట్టి నా ఉత్తరాల్లో ఆమె ప్రస్తావన ఉండకూడదని. సరే. మాటిస్తున్నాను. ఈ పేరాతో ఆఖరు. తన చేత్తో పెంచినవాటిలో మనిద్దరం కాక మిగిలింది ఆ మొక్కొక్కటే. దాన్ని ఎలాగైనా బతికించాలి, అంతవరకు రాసి ఆపేస్తున్నాను.

వెదురు ఏ స్థితిలో ఉండేదంటే, ఆకులు పాత పేపరు రంగుకి తిరిగి, బీడీల్లా చుట్టుకుపోయాయి. చెంబుడు నీళ్ళు పోస్తే అలా పోసినవి పోసినట్టే కింద కన్నంలోంచి దూకి నేరుగా కింది వాటా చీరల మీదకు పోయేవి. నేనేం చేశాను? నా తెలివంతా ఉపయోగించి అలంకరణ సామాన్ల కొట్టులో ప్లాస్టిక్ ఆకులు కొని, కనబడే వైపు కట్టేశాను. కింది వాటా ఆవిడ తలెత్తి చూసి, మాటల్లేవన్న సంగతి కూడా మరిచిపోయి, "బాగా కోలుకుందండీ!" అంది. రెండు పూటలు పొంగిపోయాను. మూడోపూట మీ మరదలు వాటిని విప్పి నా సైకిలు హాండిలుకి కట్టింది. అలాగే తొక్కుకుంటూ కొట్టుకి పోయాను.

మర్నాడు నర్సరీకి వెళ్ళాను. బస్సు గ్యారేజీ పక్కన ఉందిలే, నువ్వు చూసి ఉండవు. అక్కడొక పెద్దాయన. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మీసాలు ఎంతున్నాయంటే, అందులో ఒక పిచ్చిక కాపురం పెట్టొచ్చు.

"మా వెదురుకి రోగం వచ్చిందండీ, మందేదైనా ఉంటే ఇవ్వండి" అన్నాను.

"రోగం దానికి కాదు, నీకు. నీళ్ళు పోసేసి చేతులు దులుపుకుని పోవడమేనా? ఎక్కడ ఇరుక్కుందో వంగి చూసిన పాపాన పోయావా?"

"వంగితే నడుం పట్టేస్తోందండీ."

"కొంటెపనులకి వంగినప్పుడు పట్టదేం?"

ఆయన బకెట్టు మీద నుంచి లేచి నా వెంటే వచ్చి, బాల్కనీలో తిష్ట వేశాడు.  మొక్కకి కుండీ మార్చాలని తేల్చి, ముందురోజు దాన్ని బాగా తడిపించాడు. తెల్లారాక కుండీని పక్కకి ఒరిగించి పడుకోబెట్టమన్నాడు. "పసిపిల్లని పడుకోబెట్టినట్టు. తాళాలు విసిరేసినట్టు కాదు" అన్నాడు. తడిగోనె పరిపించాడు, వేళ్ళకి ఎండ తగలకూడదట. నేను కాడలు పట్టుకుని లాగాను. రాదు. పొడుగు కత్తి లోపలికి దించి చుట్టూ తిప్పాను. మెడ దగ్గర తిరిగింది కానీ కింద కడుపులోకి కత్తి పోదు. మీ మరదలు కుండీని కావలించుకుని అటు లాగితే నేను ఇటు లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం, కుండీ మాత్రం చెక్కుచెదరలేదు.

నీకు గుర్తుందా, పాత ఇంటి డాబా మీద మూడు నాలుగేళ్ళకోసారి ఈ పని జరిగేది. అప్పుడు దీనికి వెడల్పాటి సిమెంటు తొట్టి. నువ్వు తొట్టి అంచు మీద కూర్చుంటే నేను మొక్కని లాగేవాణ్ణి. ఒకసారి ఎరువులో రబ్బరు కప్పని పూడ్చిపెట్టాను. అందులో చెయ్యి పెట్టి కెవ్వున అరిచి, ఆ కప్పతోనే నన్ను డాబా చుట్టూ తరిమింది ఎవరో రాయను. పని అయ్యాక మనిద్దరినీ ఒకే బకెట్టు దగ్గర నిలబెట్టి, గోళ్ళలో మట్టి పోయేదాకా రుద్ది, "ఇప్పుడు మనుషుల్లా ఉన్నారు" అన్నది ఎవరో కూడా రాయను. ఆ తడిమట్టి వాసన మాత్రం రాయొచ్చు కదా? ఈసారి బాల్కనీ అంతా అదే వాసన. 

ఇప్పుడొక చేదుమాట. ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టి చదువు. మొక్క ఉన్న ఆ కుండీ నీదే. మొదటి జీతంతో కొని, ఇంత దూరం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చావే, మెడ సన్నంగా, కడుపు గుండ్రంగా ఉండే నీలం కుండీ. దాన్ని పగలగొట్టాను.

ఊరికే పగలగొట్టలేదు. సుత్తి పట్టుకుని, "మా అక్క ప్రాణం ఇది" అని నసిగాను.

"మొక్క కావాలా, కుండీ కావాలా?" అన్నాడాయన.

"రెండూ కావాలి."

"నీకు చిన్నప్పట్నుంచీ రెండూ కావాలి. ఇదిగో, ఇందులో నాటినవాళ్ళకి ఇది ఇరుకని తెలీదనుకున్నావా? చూసిన క్షణమే తెలుసు. పిల్ల ముచ్చటపడి తెచ్చిందని నాటారు. ముచ్చట తీరింది. ఇంక కొట్టు."

మెల్లగా కొట్టాను. "తాళం మీద కొట్టినట్టు టిక్కుటిక్కుమంటావేం? మనసు గట్టి చేసుకుని ఒక్కటి వెయ్యి." వేశాను. నీలం పెంకులన్నీ విచ్చుకుని పడిపోయాయి.

అప్పుడు చూడాల్సింది అక్కా! మట్టి అన్నది ఎక్కడా లేదు, అంతా వేళ్ళే. కుండీ పోయింది కానీ వేళ్ళ ముద్ద అచ్చం నీ కుండీ ఆకారంలోనే నిలబడి ఉంది. అదే సన్నని మెడ, అదే గుండ్రటి కడుపు. మీ మరదలు నన్ను తిట్టడం మాని, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

దాన్ని రెండుగా కొయ్యాలి. నా కొట్టులోని ఇనప రంపం నాలుగు లాగులకే విరిగింది. ఎదురింటి వడ్రంగి దగ్గర పెద్ద రంపం తెచ్చాను. ఎక్కడ కొయ్యాలో కూడా పెద్దాయనే చెప్పాడు. "ముదురు కాడలన్నీ ఒక పక్కకి, లేతవన్నీ ఒక పక్కకి పోనివ్వకు. పెద్దా చిన్నా కలిసుంటేనే రెండూ నిలబడతాయి." అలాగే కోశాను. ఎండిన కాడలు మొదలంటా తీసేసి, రెండు వెడల్పాటి టబ్బులు తెచ్చి (కుర్చీ లోపలికి పోయింది వీటికి చోటు కోసమే), ఎర్రమట్టి, ఇసక, ఎరువు కలిపి, ఇదివరకు ఎంత లోతున ఉందో అంతే లోతున నాటాను. తనివితీరా నీళ్ళు పోశాను. ఈసారి నీళ్ళు దూకి పారిపోలేదు, నింపాదిగా లోపలికి దిగాయి.

వారం తిరిగేసరికి ఉన్న ఆకులు కూడా రాలాయి. "చంపేశావు కదూ?" అంది మీ మరదలు, మెల్లగా. ఆవిడ గట్టిగా అంటే నాకు భయం లేదు, మెల్లగా అంటేనే భయం. ఆ రోజు కొట్టు తెరవలేదు. నీకు ఏమని రాయాలో తెలియలేదు. పెద్దాయన మాత్రం, "చోటు మారితే మనుషులకే నాలుగురోజులు తిండి సహించదు. నీడన ఉంచు. మాటిమాటికీ కదిపి చూడకు. దాని ఏడుపు దాన్ని ఏడవనీ" అన్నాడు.

కదపలేదు. నిన్న పొద్దున చూశాను. టబ్బులో మట్టిని చీల్చుకుని ఒక పిలక, చెక్కిన పెన్సిలు మొనలా పైకొచ్చింది. అది కూడా నీ సగంలోనే. నా సగంలో ఇంకా ఏమీ లేదు. మన ఇంట్లో మొక్కలకి కూడా నువ్వంటేనే ఎక్కువ.

సెలవులకి వచ్చి నీ టబ్బు తీసుకుపో. బావని ఒక్కణ్ణే పంపకు. ఆయన దాన్ని బస్సులో మరిచిపోయి, "కులాసాగా తెచ్చాను" అంటాడు.

ఉత్తరం ముగించేముందు ఒక్క సంగతి ఒప్పుకోవాలి. బస్సు గ్యారేజీ పక్కన నర్సరీ ఏమీ లేదు. ఆ పెద్దాయనా లేడు, ఆయన్ని పూర్తిగా నేనే పుట్టించాను. బాల్కనీలో ఉన్నది నేనూ, మీ మరదలూ, అంతే. కానీ ఆయన అన్న మాటల్లో ఒక్కటి కూడా నా సొంతం కాదు. ఇరుకని తెలిసే నీ కుండీలో ఎవరు నాటారో, ఆ సాయంత్రం నువ్వు బస్సెక్కాక ఆ మాట నాతో ఎవరన్నారో, డాబా మీద రంపం పట్టుకుని పెద్దా చిన్నా కలిసుండాలని ఎవరు చెప్పేవారో, నీకు వేరే చెప్పాలా? పేరు రాయనని నీకు మాటిచ్చాను. ఆ గొంతు లేకుండా ఈ పని ఎలా జరిగిందో రాయడం నా వల్ల కాలేదు. అందుకని మీసాలు పెట్టాను.

నువ్వు బకెట్టు దగ్గరే పట్టేసి ఉంటావు. పట్టేసి కూడా ఇక్కడిదాకా చదివావంటే, ఆ షరతు ఎత్తేశానని ఒక్క ముక్క రాయి. మీసాలు తీసేస్తాను.

ఇట్లు,
దెబ్బలకి తప్ప దేనికీ లొంగని
నీ తమ్ముడు