ఎక్కుతుంది, మోగదు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ పాపా కులాసా. నీళ్ల మీద మీరూ అలాగే ఉన్నారని ధైర్యంగా ఉన్నాను.

కుళాయి కారడం ఆగిందా అని అడిగారు. ఆగింది, వాషర్ నేనే మార్చాను. పాప ముందు పన్ను ఊడింది. నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

ఇక మీ కోపం సంగతి. ఇంజను గదిలోకి నీళ్లొస్తే అలారం మోగించే కొత్త ప్రోగ్రాం మీ ఓడలో ఎక్కనంటోందని, మా ఆఫీసులో కూర్చుని అడ్డుపుల్ల వేసిన మహానుభావుడెవరో కనుక్కోమని రాశారు. కనుక్కోవాల్సిన పని లేదు, కానీ ముందు కథ వినండి.

ఆ ప్రోగ్రాం ఒంటరిగా బతకదు. ఓడలోని లినక్స్ కంప్యూటర్లో నాలుగైదు ప్రోగ్రాములు కలిసి వాడుకునే లైబ్రరీ ఒకటుంటుంది, ఇదీ తనకు కావలసిన పని దాన్నడిగి చేయించుకుంటుంది. దానికి ఏ వెర్షన్ లైబ్రరీ కావాలో ప్యాకేజీ మీద రాసి పంపడమే మా ఉద్యోగం. దీని మీద కొత్త వెర్షన్ కావాలని రాసి ఉంది, మీ ఓడలో ఉన్నది పాత వెర్షన్, అందుకే ఎక్కనంటోంది. చిక్కేమిటంటే, ఎలాగోలా ఎక్కిస్తే దానితోనూ ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంటుంది. తెర మీద అంకెలన్నీ కనిపిస్తాయి. అలారం మోగించే ముక్క, మా భాషలో ఫంక్షన్, మాత్రం కొత్త వెర్షన్‌లోనే ఉంది. అవసరం పడేదాకా దాన్నెవరూ పిలవరు కాబట్టి లోపం బయటపడదు. ఆఫీసులో పాత లైబ్రరీ ఉన్న కంప్యూటర్లో ఎక్కించి, నీళ్లను పసిగట్టే సెన్సర్‌ని బకెట్ నీళ్లలో ముంచితే తెర నల్లబడింది. చప్పుడు లేదు.

మా ఆఫీసు పెద్దాయన నా బల్ల దగ్గరికొచ్చి, "ఆ వెర్షన్ అంకె కాస్త తగ్గించి రాసెయ్యమ్మా, అన్ని ఓడల్లోనూ ఎక్కేస్తుంది. ఓడలవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు" అన్నాడు.

"ఎక్కుతుంది సార్, మోగదు" అన్నాను.

అవునండీ, ఆ అడ్డుపుల్ల నాదే. మీ కెప్టెన్‌తో కూడా చెప్పండి, నాకేం భయం లేదు. కొత్త లైబ్రరీ వచ్చేదాకా మీ పాత ప్రోగ్రామే నయం, అది మోగుతుంది. ఆ లైబ్రరీని వాడుకునే మిగతావి కొత్తదానితో చెడిపోకుండా నడుస్తాయో లేదో ఒక్కొక్కటిగా నడిపించి చూస్తున్నాను. అన్నీ కుదిరాక కొత్త లైబ్రరీ, కొత్త ప్రోగ్రాం జంటగా మీ రేవుకొస్తాయి. ఈసారి ఎక్కుతాయి, మోగుతాయి కూడా.

ఒక్క మాట పెద్దాయనకి చెప్పలేదు, మీకు చెప్తున్నాను. మీరు ఆ ఓడలో లేకపోయినా ఆ అంకె అలాగే రాసేదాన్ని. అలారం మోగనప్పుడు మాత్రం ఆ బకెట్ పక్కనే కూలబడి ఉండేదాన్ని కాదు.

ఇట్లు,
ఎవరి మాటా వినని
మీ ఆవిడ