మిగులు కుప్ప

నా మేస్త్రీ గారికి,

శిక్షణకని చెప్పి పెట్టె సర్దుకుని వచ్చాను. అబద్ధం కాదు గానీ, మొత్తం చెప్పలేదు. ఇక్కడి ఆఫీసులోనే ఉండిపొమ్మని అడిగారు. సరేనని సంతకం పెట్టేశాను. ఎదురుగా చెబుదామంటే మీరు కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. ఫోన్లో చెబుదామంటే మాట తేడాగా వస్తోందని ఫోనే ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం.

నా పని గురించి ఎప్పుడు చెప్పబోయినా "ఏముంది, కుప్పలు పొయ్యడమేగా" అని ఏడిపించేవారు. అవును, కుప్పలు పొయ్యడమే. వేల ఫోటోలు మిషన్ ముందు పెడతాం. ఎవరు ఎవరో దానికి చెప్పం, పేర్లుండవు. ముఖాల పోలికలు చూసుకుని, దగ్గరగా ఉన్నవాటిని అదే ఒకచోటికి చేరుస్తుంది. ఎందులోనూ ఇమడనివాటిని పక్కన పడేస్తుంది. దాన్ని మేం మిగులు అంటాం. అందులో ఉండేవి మసకబారిన ముఖాలూ, దారినపోయేవాళ్ళూ. దాని జోలికి మాలో ఎవరం పోము.

పోయిన నెల సరదాకి మన ఇద్దరి ఫోన్లలోని ఇంటి ఫోటోలన్నీ తిరగేయకుండానే దానికిచ్చాను. అత్తయ్యగారికో కుప్ప పోసింది. మా చెల్లినీ నన్నూ ఎక్కడ కలిపేస్తుందో అనుకున్నాను, కలపలేదు. మిమ్మల్ని మాత్రం ఇద్దర్ని చేసింది. మీసాల నిండా రంపంపొట్టుతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వే ఆయన ఒకరు. ముఖంలో నరం పడిపోయి మూతి పక్కకి పోయాక, ఆసుపత్రి కార్డు కోసం బలవంతాన ఫోటో దిగినాయన ఇంకొకరు. మిషన్‌ని తిట్టుకుంటూనే నా కుప్ప తెరిచాను.

మీ జబ్బుకు ముందు జడ వేసుకుంటున్నా, ఆవులిస్తున్నా "ఇటు చూడు" అని క్లిక్కుమనిపించేవారు. విసుక్కునేదాన్ని. ఆ తర్వాత నా కుప్పలో ఒక్క ఫోటో లేదు. రెండేళ్ళలో ఒక్కటి కూడా. మీ ముఖం మారినందుకు నాకే బాధా లేదండీ. మీరు నన్ను చూడ్డం మానేశారు, అదే నా బాధ. చేసిన బల్లనైనా చేత్తో తడిమి తడిమి చూసుకుంటారు, నా వైపు కన్నెత్తి చూడరు. ఇన్నాళ్ళూ ఊరికే ఊహించుకుంటున్నానేమో అని సర్దిచెప్పుకున్నాను. ఇక సర్దుకోలేను. అక్కర్లేని మనిషినై ఆ ఇంట్లో ఉండలేను.

కుప్పలన్నీ ఇంటి కంప్యూటర్లో ఉన్నాయి. నమ్మకపోతే చూసుకోండి.

మీ
కుప్పలమ్మ

*

కుప్పలమ్మా,

పెన్ను పట్టి ఏళ్ళయింది. తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరం చదివి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే నీ కుప్పలో ఒక్కటీ లేదు. నాకు మతిపోయింది. ఎందుకంటే నేను తీశాను. తీయని వారం లేదు. అవన్నీ ఏమైపోయాయా అని వెతికితే, అట్టడుగున నువ్వు చెప్పిన ఆ మిగులు కనబడింది. తెరిచాను. ఎక్కువభాగం నువ్వే. నీ వీపు. నీ జడ. పని చేస్తూ వంగిపోయిన భుజాలు, చెవి మీద పెట్టుకుని మర్చిపోయిన పెన్సిలు, బట్టలారేస్తూ పైకెత్తిన చేతులు. ముఖం కనబడక నీ మిషన్ పక్కన పడేసింది పాపం, దాన్నేమంటాం.

నన్నే అనాలి. పిలిస్తే నువ్వు ఇటు తిరుగుతావు. తిరిగితే నవ్వుతావు, నీకది అలవాటు. బదులు నవ్వడం నాకిప్పుడు రాదు. ఓసారి అద్దం ముందు నవ్వి చూసుకున్నాను, ఏడుస్తున్నట్టుంది. అది నీకు చూపించలేక వెనకనుంచే చూసుకుంటూ వచ్చాను. ఆ ఒక్క మాట నీతో అనుంటే పోయేది. నోరు సగమేగా పడిపోయింది, మిగతా సగంతోనైనా చెప్పాల్సింది.

సంతకం పెట్టేశావు కాబట్టి రమ్మని అడగను. ఆ మిగులు మాత్రం ఒక్కసారి చూడు.

నీ
మేస్త్రి

*

మేస్త్రీ గారూ,

నా దగ్గరున్న నకలు తెరిచి చూశాను. ముఖం లేనివన్నీ పక్కన పడెయ్యమని మిషన్‌కి చెప్పింది నేనే. రోజూ చేసే పనే కదా, ఆలోచించకుండా చెప్పేశాను. పడేసినవాటిని ఒక్కసారి తిరగేసి చూసుంటే ఆ సంతకం పెట్టేదాన్ని కాదు.

ఒకదాంట్లో నా ఎదురుగా ఉన్న కిటికీ అద్దంలో మీరూ పడ్డారు. ఫోన్ వెనక సగం ముఖమే కనబడుతోంది. మీరు నవ్వుతున్నారు. మీకు తెలిసినట్టు లేదు.

సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదట, ఏడాది ఉండి తీరాలన్నారు. ఒకే ఇంట్లో ఉండి రెండేళ్ళు పోగొట్టుకున్నాం. తీరా తెలిసేసరికి ఊళ్ళు వేరయ్యాయి. దానికి ఎవర్ని తిట్టుకోవాలో తెలియడం లేదు. శనివారం బస్సుకి వస్తాను, మళ్ళీ సోమవారానికి ఇక్కడుండాలి. తలుపు తీసేటప్పుడు ముఖం తిప్పుకోకండి. ఏడుస్తున్నట్టే నవ్వండి, నేను గుర్తుపడతాను.

మీ
కుప్పలమ్మ