జూన్ ఒకటిన పుట్టినవాళ్లు

జూన్ 16, 2025
మా బడిలో ఎనిమిదో తరగతి వరకే ఉంది. ఈ ఏడాది ఎనిమిది అయిపోయిన పదకొండు మందిలో పది మంది టీసీ తీసుకుని హైస్కూల్లో చేరారు. కృపాకుమారి రాలేదు. క్లాసు ఫస్ట్ ఆ పిల్లే.

జూన్ 18
వాళ్లింటికి వెళ్లాను. పిల్ల లేదు. కళ్యాణదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌కు పొద్దున్నే వ్యాన్‌లో పోతోందట. ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించడం, రోజుకు పదకొండు గంటలు. తల్లి రూతు నా ముఖం చూడకుండానే చెప్పింది. రెండేండ్ల నుంచి చేన్లో ఏసిన చెనక్కాయ ఇత్తనం కూడా తిరిగి రాలేదు, మొగుడు పాపన్న బెంగళూరులో గోడలు కట్టే బేల్దారి పనికి పోయి నడుం ఇరగ్గొట్టుకోని పండుకోనుండాడు, ఇంక యాడ సదివించేది మేడమ్ అంది.
ఆమె మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. అబద్ధం. ఆమె మీద కూడా వచ్చింది.

జూన్ 20
లేబర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. పన్నెండేళ్ల పిల్ల అని రెండుసార్లు చెప్పాను.

జూన్ 24
ఆఫీసరు ప్రతాప్ యూనిట్‌కు వెళ్లొచ్చి ఫోన్ చేశారు. ఆధార్‌లో పద్నాలుగు నిండినాయి, నేనేం చేసేది మేడమ్ అన్నారు. ఆ తేదీ మీ స్కూలు సర్టిఫికెట్ చూసే వేసినారు అని కూడా అన్నారు.

జూన్ 24, సాయంత్రం 5
అడ్మిషన్ రిజిస్టర్ తీశాను. 2017. కృపాకుమారి, పుట్టిన తేదీ 1-6-2011. చేతిరాత నాది.
అప్పుడు ఆ పిల్లకు నాలుగేళ్లు. కలుపుకు పోవల్ల, బిడ్డను యాడ ఇడిసిపెట్టేది, బళ్లో కూసోబెట్టుకుంటే అన్నమన్నా తింటాది మేడమ్ అని రూతు బతిమాలింది. ఆరేళ్లని రాసుకున్నాను. పుణ్యం చేశాననుకున్నాను కూడా. ఆ పేజీలో పద్దెనిమిది పేర్లుంటే పదమూడు మంది జూన్ ఒకటినే పుట్టారు. ఛీ.

జూన్ 26
తప్పు నాదేనని రాసిస్తానన్నాను. హెడ్మాస్టర్ ఓబన్న సార్ లేచి తలుపు దగ్గరికి వేశారు. ఏమమ్మా, నువ్వొక్కదానివే రాసినావా, నేనూ రాసినా, ఊరందరి ఆధార్లూ తిరగేస్తావా, సస్పెండ్ చేస్తారు, గమ్మునుండు అన్నారు. ఎనిమిదేళ్లు గమ్మునే ఉన్నాను కదా. రాసి ఇచ్చేశాను.

జూలై 3
మెమో వచ్చింది. రానీ.

జూలై 7
నేను రాసిచ్చిన కాగితం ప్రతాప్ చూపిస్తే యూనిట్ వాళ్లు కృపను మాన్పించారు. టీసీ రాయించి, నేనే తీసుకెళ్లి హైస్కూల్లో చేర్చాను. ఒళ్లంతా తేలికగా ఉంది.

జూలై 11
మూడు రోజులే వెళ్లిందట. ఇప్పుడు ప్యాంట్ల మూటే ఆటోలో ఇంటికొస్తోంది. ఏడేళ్ల చెల్లెలు కూడా కత్తెర పట్టింది. ప్రతాప్‌కు ఫోన్ చేస్తే, తల్లికి సాయం చేస్తాండారంటారు మేడమ్, ఇంట్లోకి పోయి ఏమని కేసు రాసేది అన్నారు. యూనిట్ ఓనరుకు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. దొంగ వెధవ.
రూతు మీద అరిచాను. ఆమె అరవలేదు. మీరు మంచోరే మేడమ్, మీ మంచితనం పొయ్యిలో పెడితే మండుతాదా అని అడిగింది. వచ్చేశాను.

జూలై 13, ఆదివారం
వాళ్లు చర్చికి పోలేదు. పొద్దున్నుంచి నేనూ ఆ ఇంట్లోనే కూర్చుని దారాలు కత్తిరించాను. కృప తొమ్మిదో తరగతి పాఠాలు పైకి చదివింది. నాలుగింటికే మూట అయిపోయింది.
ఆటో అతను చూసి, పని బిరీన అవుతాండాది కదా, రేపట్నుంచి రెండు మూటలు దించుతానన్నాడు.