పీస్ ఆఫ్ వర్క్ అంటే ఏంది అన్నా?

కూకట్‌పల్లి,
14 సెప్టెంబరు 2025, ఆదివారం.

సంతోష్‌కు,

ఆదర్శ్ నమస్కారాలు. నువ్వూ అమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మా ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేసి ఏడు నెలలైంది. అందుకే బోరబండలో మీ పాత గదికి వెళ్ళి, నీ రూమ్మేట్ కుమార్‌ని బతిమాలి ఈ చిరునామా తీసుకున్నాను. అతన్నేమీ అనకు.

నార్సింగిలో చిన్న కంపెనీలో చేరావట. ఇంగ్లీషులో మాట్లాడాల్సిన పని మాత్రం వద్దని ముందే అడిగావట. కుమార్ ఆ మాట చెప్పాక ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

జరిగింది నీకు తెలుసు. అయినా నా చేత్తో రాయాలి. తప్పున్న సాఫ్ట్‌వేర్‌ని పాస్ చెయ్యనని నువ్వు పట్టుబట్టిన రోజున, కాల్‌లో అమెరికా క్లయింట్ మేడమ్ నిన్ను "రియల్ పీస్ ఆఫ్ వర్క్" అంది. తర్వాత కాఫీ మెషిన్ దగ్గర నన్ను పట్టుకుని, "అన్నా, గట్లంటే ఏంది? మేడమ్ మంచిగన్నదా, తిట్టిందా? జర చెప్పవా" అని అడిగావు. ఆణిముత్యం లాంటి పనిమంతుడివని అర్థం అన్నాను. నీ మొహం వెలిగిపోయింది. అక్కడికక్కడే అమ్మకు ఫోన్ చేసి నాకిచ్చావు. "నీకు పుణ్యముంటది బిడ్డా, మా పిల్లగానికి ఇంగ్లీషు జెప్తున్నవట" అందామె. దానిదేముందండి అన్నాను.

తర్వాతి గురువారం కాల్‌లో నువ్వు లేచి నిలబడి మరీ ఆ మేడమ్‌కు థాంక్స్ చెప్పావు. ఇకముందు ఇంకా పెద్ద పీస్ ఆఫ్ వర్క్ అవుతానని మాటిచ్చావు. మనవాళ్ళు మైకులు ఆపేసి పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనిది భానుశ్రీ ఒక్కతే. నిన్ను పక్కకు పిలిచి, ఆ మాటకు అర్థం వేగలేని మనిషి, మొండిఘటం అని చెప్పింది కూడా తనే. నువ్వు నా సీటు దగ్గరికొచ్చి, "గట్లెందుకు చేసినవన్నా? నీకు నేనేం అడ్డమొచ్చిన?" అన్నావు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ వైపు తిరిగాను.

ఆ తర్వాత మీటింగుల్లో నీ గొంతే వినిపించలేదు. మేడమ్‌కు డెమో చూపించే అవకాశం నీకు రావాల్సింది, నాకొచ్చింది. నెల తిరక్కుండా రాజీనామా చేశావు. మేనేజర్ విశ్వేశ్వరరావు గారు పిలిచి అడిగితే, సరదాకి ఆటపట్టించానండి అన్నాను. "ఇకనైనా జాగ్రత్తగా ఉండవయ్యా" అని ఆయన వదిలేశారు. నువ్వు పట్టుకున్న తప్పు నిజమేనని ఏప్రిల్‌లో తేలింది. మేడమ్ నీ గురించి అడిగింది. వెళ్ళిపోయాడని చెప్పాం.

నా ఆకతాయితనం నీ నోరు కట్టేసింది. క్షమించమనే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
ఆదర్శ్

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక అబద్ధం రాశాను సంతోష్. నేను నిన్ను ఆటపట్టించలేదు. ఆ మాటకు అర్థం నాకూ తెలీదు. వర్క్ అని ఉంది కదా, మెచ్చుకోలే అనుకున్నాను. ఆ గురువారం అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలీకుండానే నవ్వాను. తర్వాత ఫోన్‌లో వెతికితే తెలిసింది. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని టీమంతా మెయిల్ రాస్తే నాకు చూపించి పంపేవాళ్ళు. అలాంటి నాకు తెలీదని బయటపడటం కన్నా, నీ దృష్టిలో దుర్మార్గుణ్ణి కావడమే తేలికనిపించింది. చివరికి ఈ ఉత్తరంలో కూడా. రేపు మీటింగులో అందరి ముందూ ఈ సంగతి చెప్పబోతున్నాను. నవ్వితే నవ్వనీ. కానీ మొదట నీకు రాయకుండా వాళ్ళకి చెప్పకూడదనిపించింది.