బేబీ షోలో మొదటి బహుమతి

చెల్లీ,

ఇవాళ తిరుచానూరులో బేబీ షో పెడితే పిల్లల బరువులు రాసే పని నాకిచ్చారు. మొదటి బహుమతి ఒక రెండేళ్ల పాపకు ప్రకటించారు. బుగ్గలు ఉబ్బాయి, జుట్టు రాగిరంగుకు తిరిగింది. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

“ఇది కండ కాదు, నీరు. తిండి చాలని జబ్బు. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి,” అన్నాను.

“దిష్టి పెట్టొద్దు తల్లీ, నా మనవరాలు ముద్దబంతిలా ఉండాది,” అని వాళ్లవ్వ నవ్వింది.

“ఫోటో తీసినాక పోదువులేమ్మా,” అన్నాడు సర్పంచి.

నాకు కోపం తన్నుకొచ్చింది. నీ పాదాలు ఉబ్బినప్పుడూ చూసినవాళ్లంతా ఒళ్లు చేసిందని మురిసిపోయారు. నెల తిరక్కుండానే నువ్వు పోయావు.

పాపను చంకనేసుకుని తిరుపతి బస్సెక్కాను. అవ్వ తిడుతూ వెనకే ఎక్కింది.

“ఇంట్లో ఇంతమంది ఉండి ఎవరికీ కనపడలేదా?” అని పాపను చేర్చుకుంటూ డాక్టరు నన్ను కసిరాడు. నేను పాపకు అక్కననుకున్నాడు.

మా ఇంట్లో ఎవరికీ కనపడలేదన్నాను.